రేవుకు చేరే కూరగాయలు, జాబితాకెక్కని రైతులు

అండమాన్‌లో ఎవరు పండిస్తున్నారో రేవులో అందరికీ తెలుసు. రైతు పేరుతో సర్కారు సొమ్ము ఎవరికి చేరుతోందన్నదే ప్రశ్న

పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగు వినాలంటే వెతుక్కోనక్కర్లేదు. అబర్డీన్ బజార్ నుంచి ఫీనిక్స్ బే వైపు నడిస్తే చాలు. జెట్టీ గేటు దగ్గర టీ కొట్టులో, ఆటోల వరుసలో, గోతాలు మోసే కూలీల మధ్య శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో ఉన్నది 3,80,581 మంది. వారిలో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం మనదే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరం నుంచి చేపల వేటకు, కూలి పనులకు, చిన్నచిన్న వ్యాపారాలకు వచ్చినవారు, వారి పిల్లలు, మనవలు కలిస్తే ఆ లెక్క. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ఈ నగరం పేరును శ్రీ విజయపురంగా మార్చింది. రేవులో మాత్రం ఇంకా పోర్ట్‌బ్లెయిరే.

విశాఖ, చెన్నై, కోల్‌కతా నుంచి వచ్చే పెద్ద నౌకలు హడ్డో రేవుకు వెళ్తాయి. దీవుల మధ్య తిరిగే ప్రభుత్వ పడవలకు ఫీనిక్స్ బే ఆధారం. నీల్, హేవ్‌లాక్, రంగత్, దిగ్లీపూర్, లిటిల్ అండమాన్‌లోని హట్‌బే... ఎటు వెళ్లాలన్నా టికెట్టు ఇక్కడే. 2018 డిసెంబర్‌లో నీల్ షహీద్ ద్వీప్, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయ్యాయి. పడవ ఎక్కేవాళ్లలో సగం మంది పాత పేర్లే అడుగుతారు. పక్కనే మెరైన్ డాక్‌యార్డు. పర్యాటకులకు ఇది ఓ మజిలీ మాత్రమే. సెల్యులార్ జైలు చూసి, ఫొటోలు దిగి, బీచ్‌లకు వెళ్లే తొందరలో ఉంటారు. కానీ ఈ దీవుల బతుకుతెరువు ఎలా నడుస్తోందో తెలియాలంటే ఒక పూట ఈ జెట్టీ మీద నిలబడాలి.

టికెట్ కౌంటర్ దగ్గరే ఒక పాఠం ఉంది. ఇక్కడ ఒకే పడవకు, ఒకే సీటుకు రెండు ధరలు. ద్వీపవాసికి తక్కువ, బయటి నుంచి వచ్చినవారికి ఎక్కువ. పడవ నడపడానికి అయ్యే ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వానిదే. ద్వీపవాసి అని రుజువు చూపినవారికే రాయితీ. ఎవరికి ఎంత తగ్గుతోందో క్యూలో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎవరైనా దొంగ కార్డు చూపితే వెనకున్నవాడే నిలదీస్తాడు. రాయితీ ఇలా నలుగురి ఎదుటా నడుస్తుంది. వ్యవసాయం పేరుతో ఇచ్చే రాయితీ అలా కాదు. అది చప్పుడు చేయకుండా బ్యాంకు ఖాతాలో పడుతుంది.

పట్టా ఒకరిది, పార మరొకరిది

నీల్ నుంచి వచ్చే పడవలో మనుషులతో పాటు కూరగాయలూ దిగుతాయి. పోర్ట్‌బ్లెయిర్‌కు కూరగాయల బుట్ట ఆ చిన్న దీవే. వానాకాలంలో అక్కడ దిగుబడి తగ్గితే సరుకు ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో రావాలి. ఓడ ఆలస్యమైతే బజార్లో ధర చుక్కలనంటుతుంది. అందుకే ఇక్కడ ఎకరం సాగు కూడా చిన్న విషయం కాదు.

ఈ దీవుల విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. అందులో దాదాపు 87 శాతం అడవి. మిగిలిన కొద్ది నేలలోనే ఊళ్లు, రోడ్లు, పొలాలు, సైనిక స్థావరాలు. స్వాతంత్య్రం తర్వాత, 1949 నుంచి, తూర్పు పాకిస్థాన్ శరణార్థులను కేంద్రం ఇక్కడికి తెచ్చి స్థిరపరిచింది. కుటుంబానికి సుమారు పదెకరాలు ఇచ్చింది. కొంత వరి నేల, కొంత కొండ వాలు. నీల్ దీవికి 1960ల చివర్లో వచ్చినవారూ ఆ కోవలోవారే. భూమి రికార్డుల్లో పేరున్నవారిలో అత్యధికులు అలా వచ్చిన కుటుంబాలే. పొట్ట చేతపట్టుకుని తర్వాత వచ్చిన తెలుగువాళ్లకు రేవు దొరికింది, వల దొరికింది, బజారు దొరికింది. భూమి దొరికినవాళ్లు తక్కువ.

గోతాలు దించుకుంటున్న ఒక చిల్లర వ్యాపారిని కదిపితే చేతిలో పని ఆపకుండానే జవాబిచ్చాడు. తాతల నాటి ఊరు సోంపేట దగ్గర. పుట్టింది ఇక్కడే. ‘‘పట్టా ఉన్నోలకి డబ్బులు పడతాయి బాబూ. పండించీవోలకి పడతాయని ఎవులు సెప్పారు?’’ అని ఎదురు ప్రశ్న వేశాడు. కౌలుకు చేసేవాళ్ల సంగతేమిటంటే నవ్వాడు. ‘‘ఆల పేరు ఏ కాయితం మీద ఉంటాది?’’

ఆ ప్రశ్నలో పీఎం కిసాన్ పథకం గుట్టంతా ఉంది. 2019 ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో మొదలైన ఈ పథకం కింద రైతు కుటుంబానికి ఏటా 6,000 రూపాయలు, మూడు విడతల్లో ఇస్తారు. మొదట రెండు హెక్టార్లలోపు వారికే అన్నారు. అదే ఏడాది జూన్ నుంచి భూమి ఉన్న రైతులందరికీ విస్తరించారు. ఆదాయపు పన్ను కట్టేవారు, చాలామంది ప్రభుత్వోద్యోగులు, నెలకు 10,000 రూపాయలు, అంతకు మించి పింఛను తీసుకునేవారు, డాక్టర్లు, లాయర్లు, రాజ్యాంగ పదవుల్లో ఉన్నవారు అనర్హులు. అర్హతకు మూలం ఒక్కటే, భూమి రికార్డులో పేరు. సాగు చేస్తున్నాడా లేదా అన్నది కాదు. కౌలు రైతు లెక్కలోకే రాడు.

అండమాన్‌లో దీనికి మరో మెలిక ఉంది. అడవి నేలను ఆక్రమించి సాగు చేసుకుంటున్నవారి విషయంలో 1978 ఒక గీత. ఆ ఏటికి ముందునుంచీ ఉన్నవారిని క్రమబద్ధీకరించాలి, తర్వాత వచ్చినవారిని ఖాళీ చేయించాలి. 2002 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులు ఈ గీతను ఇంకా బిగించాయి. అడవిని కాపాడుకోవడానికి ఆ ఉత్తర్వులు అవసరమే. కానీ గీతకు అవతల ఉన్నవాడు ఎన్నేళ్లు దున్నినా సర్కారు లెక్కలో రైతు కాలేడు.

మునిగిన పొలం, మిగిలిన కాగితం

పోర్ట్‌బ్లెయిర్ శివారులో సిప్పీఘాట్ మీదుగా వెళ్తే రోడ్డుకు పక్కన నీళ్లు, నీళ్లలో మోడులు, వాటి మీద కొంగలు కనిపిస్తాయి. ఫొటోకు బాగుంటుంది. 2004 డిసెంబర్ 26 వరకు అక్కడ పొలాలుండేవి. ఆ రోజు భూకంపానికి దక్షిణ అండమాన్‌లో నేల ఒక మీటరు దాకా కుంగిపోయింది. సునామీ అల వెనక్కి వెళ్లినా ఆటుపోటు నీరు మాత్రం వెళ్లలేదు. రోజూ సముద్రం వచ్చి పొలంలో నిలబడుతోంది. అదే కుదుపుకు ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచింది.

ఆ తర్వాత నష్టపరిహారం వచ్చింది. దానితో పాటు ఒక అపకీర్తి కూడా వచ్చింది. పంట నష్టం కింద కొందరి చేతికి రెండు రూపాయల చెక్కులు అందాయని 2005లో పత్రికలు రాశాయి. లెక్క ప్రకారమే ఇచ్చామన్నది ప్రభుత్వ యంత్రాంగం వాదన. ఎంత విస్తీర్ణానికి, ఏ రేటున, ఎవరికి ఎంత అన్న లెక్క మొదటే ఊరి మధ్య అతికించి ఉంటే ఆ చెక్కులు ముద్రణ దాకా వెళ్లేవి కావేమో. రెండు రూపాయల చెక్కును చూసి ఏ పంచాయతీ సభ్యుడైనా ముందే ముక్కున వేలేసుకునేవాడు. పారదర్శకత అంటే దొంగను పట్టుకోవడమే కాదు. లెక్క తప్పితే సకాలంలో పట్టుకోవడం కూడా.

నికోబార్‌లో సమస్య వేరు. అక్కడ కొబ్బరి తోటలు వ్యక్తులవి కావు. తుహెత్ అనే ఉమ్మడి కుటుంబానివి. ఒక పేరు, ఒక సర్వే నంబరు, ఒక ఖాతా అనే చట్రంలో తుహెత్‌ను ఇరికించడం కష్టం. భూమిని ఎవరు అనుభవిస్తున్నారో ఊరికి తెలిసినంత స్పష్టంగా ఢిల్లీ రూపొందించిన ఫారానికి తెలియదు.

జాబితా ఉంది, చదివేవారేరీ?

పీఎం కిసాన్‌ విషయంలో ఒక మాట ఒప్పుకోవాలి. లబ్ధిదారుల జాబితా రహస్యం కాదు. పథకం వెబ్‌సైట్‌లో రాష్ట్రం, జిల్లా, గ్రామం ఎంచుకుంటే పేర్లు కనిపిస్తాయి. జాబితాలను పంచాయతీల్లో ప్రదర్శించాలని మార్గదర్శకాలూ చెబుతున్నాయి. 2005 సమాచార హక్కు చట్టం ఇంకాస్త ముందుకు వెళ్లింది. ఎవరూ అడగకముందే ప్రభుత్వ కార్యాలయాలు ప్రకటించాల్సిన వివరాల్లో సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయింపులు, లబ్ధిదారుల వివరాలు ఉండాలని 4వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.

అయినా ఏం జరిగింది? అనర్హులైన 20.48 లక్షల మందికి 1,364 కోట్ల రూపాయలు చేరాయని సమాచార హక్కు దరఖాస్తుకు కేంద్ర వ్యవసాయ శాఖ ఇచ్చిన జవాబు 2021 జనవరిలో బయటపడింది. వారిలో సగానికి పైగా ఆదాయపు పన్ను కట్టేవారే. ఆరు నెలలు తిరిగేసరికి, 2021 జూలైలో, పార్లమెంటులో ప్రభుత్వం చెప్పిన లెక్క 42 లక్షల మందికి పైగా, సుమారు 3,000 కోట్లు. అంతకుముందు 2020లో తమిళనాడులో దళారులు, కొందరు సిబ్బంది కలిసి రైతులు కానివారిని లక్షల సంఖ్యలో నమోదు చేయించిన కుంభకోణం వెలుగు చూసింది. 2025లో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన ప్రకారం తిరిగి వసూలైంది 416 కోట్లు. పోల్చి చూస్తే, 2025 ఆగస్టు 2న విడుదలైన ఒక్క 20వ విడతలోనే 9.7 కోట్ల మందికి సుమారు 20,500 కోట్లు వెళ్లాయి. మొత్తం సొమ్ములో అనర్హుల వాటా చిన్నదే కావచ్చు. కానీ జాబితా బయటే ఉన్నా పన్ను రికార్డులతో సరిపోల్చేదాకా అంతమంది అనర్హులు దాని మీదే ఎలా ఉండిపోయారన్నది అసలు ప్రశ్న.

జవాబు కష్టమేమీ కాదు. వెబ్‌సైట్‌లోని జాబితాను చూడాలంటే అది ఉందని తెలియాలి, ఫోను ఉండాలి, చదవడం రావాలి, అన్నిటికీ మించి చూడాలన్న పని పడాలి. అండమాన్‌లో వీటికి తోడు నెట్ బాధ ఒకటుండేది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చేదాకా ఇక్కడ ఇంటర్నెట్‌కు ఉపగ్రహాలే దిక్కు. పేజీ తెరుచుకునేలోపు టీ చల్లారిపోయేది. పైగా జాబితాలో పేరుంటుంది గానీ ఎన్ని ఎకరాలకో, ఏ నేలకో, సాగు చేస్తున్నది ఎవరో ఉండదు. సగం లెక్క చూపితే ఊరికి ఏం పట్టుబడుతుంది?

మన గోడల మీది పాఠం

ఈ విషయంలో తెలుగు నేల దేశానికి ఒక దారి చూపింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ మొదలైంది. 2009లో దానికోసం ప్రత్యేక సంస్థే ఏర్పడింది. ఊరి యువకులు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. ఎవరి పేరు మీద ఎన్ని రోజుల కూలి రాశారో అందరి ముందు చదివారు. చచ్చిపోయినవాళ్ల పేర్లు, ఊళ్లో లేనివాళ్ల పేర్లు ఆ సభల్లోనే బయటపడ్డాయి. చదువు రానివారికి కూడా అర్థమైన పారదర్శకత అది.

భూమి ఉన్నవారికిచ్చే సొమ్ము విషయంలో మాత్రం అదే పట్టుదల కనిపించలేదు. తెలంగాణలో 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన రైతుబంధు ఎకరానికి ఇంత అని ఇచ్చింది. పరిమితి పెట్టలేదు. కాబట్టి ఎంత పెద్ద కమతం ఉంటే అంత పెద్ద చెక్కు. కౌలు రైతులకు వర్తించదని ప్రభుత్వం ముందే తేల్చేసింది. సాగు లేని భూములకూ డబ్బు వెళ్లిందన్న విమర్శ ఏళ్లపాటు నడిచింది. ప్రభుత్వం మారాక, 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసాను సాగుయోగ్యమైన భూములకే పరిమితం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్‌లో మొదలైన రైతు భరోసా కౌలుదారుల్లో బలహీన వర్గాలకు చోటిచ్చింది. కానీ అదే ఏడాది వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కార్డు కావాలంటే భూ యజమాని సమ్మతి కావాలి. సంతకం పెడితే భూమి పోతుందన్న భయం యజమానిది. అడిగితే కౌలు పోతుందన్న భయం రైతుది. 2025 ఆగస్టు 2న వచ్చిన అన్నదాత సుఖీభవ కేంద్రం ఇచ్చే 6,000తో కలిపి ఏటా 20,000 ఇస్తానంటోంది. మొత్తం పెరిగింది. పేరెవరిదన్న ప్రశ్న మాత్రం పాతదే.

రేవులో తిరిగే తెలుగువారికి ఈ లెక్కలు కొత్త కాదు. బంధువులు ఊళ్లోనే ఉన్నారు. ఎవరికి ఏం పడిందో ఫోనులో తెలుస్తుంది. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరానికీ అండమాన్‌కూ ఒకటే. ఆ రెండు నెలలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి ఇచ్చే సాయాన్ని 2025 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లాలోనే 20,000కు పెంచింది. ఇక్కడ స్థిరపడినవారు ఆ సాయం గురించి వినడమే.

పేరు చెప్పాలా, దాచాలా?

పేర్లు బయటపెట్టడంపై గొడవ మనకే పరిమితం కాదు. అమెరికాలో ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ వ్యవసాయ సబ్సిడీ తీసుకునేవారి వివరాలను 2001లో అందరికీ అందుబాటులో పెట్టింది. చిన్న రైతు పేరు చెప్పి పెద్ద కమతాలు ఎంత తీసుకుంటున్నాయో ఆ దేశం అప్పుడు చూసింది. బ్రిటన్ 2005లో వివరాలు ప్రకటిస్తే రాణిగారి ఎస్టేటు కూడా జాబితాలో ఉంది. 2010 నవంబర్‌లో యూరప్ అత్యున్నత న్యాయస్థానం జర్మనీకి చెందిన ఇద్దరు రైతుల ఫిర్యాదుపై తీర్పిస్తూ, వ్యక్తుల పేర్లన్నిటినీ తేడా లేకుండా ప్రచురించడం గోప్యతకు భంగమంది. ఐరోపా యూనియన్ వెనక్కి తగ్గలేదు, సర్దుకుంది. 2013 నాటి నిబంధనలతో పేర్ల ప్రచురణను తిరిగి తెచ్చి, బాగా చిన్న మొత్తాలు తీసుకునేవారి పేర్లను మాత్రం మినహాయించింది.

మన దగ్గర గాలి ఇప్పుడు గోప్యత వైపు వీస్తోంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది. 2025 నవంబర్‌లో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో అధికారి దరఖాస్తును పక్కన పెట్టడం ఇప్పుడు ఇంకా తేలిక. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చన్న 8(2) సెక్షన్ మిగిలే ఉంది. కానీ ఆ ప్రయోజనాన్ని తూచేది అధికారే.

గోప్యత కోరేవారి వాదన కొట్టిపారేయదగింది కాదు. ఖాతాలో డబ్బు పడిందని తెలిస్తే అప్పులవాడు గుమ్మంలో నిలబడతాడు. ఒంటరి మహిళ పేరు మీద సొమ్ము వస్తోందంటే మరిది కన్ను పడుతుంది. రైతుల ఆధార్ వివరాలు పీఎం కిసాన్ సైట్ ద్వారా బయటకు పొక్కుతున్నాయని 2022 జూన్‌లో ఒక సైబర్ భద్రతా పరిశోధకుడు బయటపెట్టాడు. దాచాల్సింది అది. ఆధార్ నంబరు, ఫోను, బ్యాంకు ఖాతా ఎవరికీ కనిపించకూడదు. ఏ ఊళ్లో, ఏ పేరుకు, ఎన్ని ఎకరాలకు, ఎంత ఇచ్చారన్నది మాత్రం ఖజానా లెక్క. అది పన్ను కట్టే ప్రతి ఒక్కరిదీ. మన దగ్గర జరిగింది తలకిందులు. దాచాల్సినవి జారిపోయాయి, చెప్పాల్సినవి సగమే చెప్పారు.

అండమాన్ లాంటి చోట ఇది చక్కదిద్దడం తేలిక కూడా. 2011 లెక్కల్లో నాలుగు లక్షలు దాటని జనం. మూడు జిల్లాలు. శాసనసభ లేదు, కేంద్రం నేరుగా పాలిస్తోంది. అడ్డుపడటానికి రాష్ట్ర ప్రభుత్వం అంటూ ఎవరూ లేరు. పంచాయతీ గోడ మీద జాబితా రాయడానికి, ఏడాదికోసారి గ్రామసభలో చదవడానికి కావలసింది కొంచెం రంగు, ఒక పూట సమయం. బెంగాలీ, తెలుగు, తమిళం, నికోబారీ మాట్లాడే ఊళ్లలో హిందీ, ఇంగ్లీషు చాలవు. ఆ జాబితాలో ఇంకో గడి కూడా ఉండాలి: ఈ నేలను ఇప్పుడు దున్నుతున్నది ఎవరు? ఆ గడి నింపినంత మాత్రాన కౌలుదారుకు హక్కు రాదు, డబ్బూ రాదు. కానీ యజమానికి సాయం, సాగుదారుకు శూన్యం అన్న సంగతి మొదటిసారి సర్కారు కాగితం మీదికి ఎక్కుతుంది. ఎప్పుడైనా పథకాన్ని సరిచేయాలని ఎవరికైనా అనిపిస్తే, మొదలుపెట్టడానికి ఒక పేరుంటుంది.